మైనం నుంచి కందెన వరకు: ఖరగ్‌పూర్ దారిలో ఒక ఉత్ప్రేరక చరిత్ర

ఖరగ్‌పూర్ పేరు వినగానే మన విద్యార్థులకు రెండు విషయాలు గుర్తుకొస్తాయి. ఒకటి ఐఐటి. రెండోది పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం. 1,072 మీటర్ల పొడవున్న ఆ ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్ స్టేషన్ దాన్ని మించేవరకు ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉండేది. అయితే తెలుగువాళ్ళకు ఈ ఊరితో ఇంకో బంధం ఉంది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రైలు పనికోసం వెళ్ళిన కుటుంబాలు అక్కడి రైల్వే కాలనీల్లో మూడు నాలుగు తరాలుగా స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించిందంటే, దాని వెనుక ముఖ్యంగా ఉన్నది ఖరగ్‌పూర్ తెలుగువారి కోరికే.

ఈ ప్రసంగంలో మనం చెప్పుకోబోయేది పైకి చూస్తే రసాయనశాస్త్రం. పెట్రోలియంలోని మైనాన్ని పనికొచ్చే నూనెగా మార్చే ఉత్ప్రేరకాలు ఎలా వచ్చాయన్నది విషయం. కాని ఏ ఉత్ప్రేరకమూ ప్రయోగశాలలో దానంతటదే పుట్టదు. దాని వెనుక ఒక అవసరం ఉంటుంది, ఆ అవసరం పడిన మనుషులుంటారు. అందుకే ఈ కథను ఒక రైల్వే పట్టణం నుంచి మొదలుపెడదాం.

రైలుకు కావలసిన నూనె

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. 19వ శతాబ్దం ముగిసే నాటికి ఖరగ్‌పూర్ దాని పెద్ద జంక్షన్లలో ఒకటైంది. దాని పక్కనే ఇంజన్లు, పెట్టెలు మరమ్మతు చేసే భారీ వర్క్‌షాపు వెలిసింది. 1902లో వాల్తేరు వైపు తూర్పు తీర రైలుమార్గం కూడా ఈ కంపెనీ చేతికి రావడంతో, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్ళకు ఖరగ్‌పూర్ ఒక్క రాత్రి ప్రయాణమైంది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా వేలమంది వెళ్ళారు. 1927లో ఉద్యోగాల తొలగింపుకు వ్యతిరేకంగా ఈ వర్క్‌షాపులో జరిగిన సమ్మె దేశమంతటా వార్త అయింది. ఆ రైల్వే కార్మికుల నాయకుల్లో ఒకరైన వరాహగిరి వెంకటగిరి, బరంపురం తెలుగువాడు, 1969లో రాష్ట్రపతి అయ్యారు.

ఆవిరి ఇంజన్‌కు బొగ్గు, నీళ్ళు కావాలని అందరికీ తెలుసు. మూడో అవసరం కందెన. తిరిగే ప్రతి ఇరుసూ, కదిలే ప్రతి కడ్డీ ఒక పలుచని నూనె పొర మీద నడవాలి. పాత వాగన్లలో ఇరుసు చివర ఒక ఇనుప పెట్టె ఉండేది. అందులో నూనెలో నానబెట్టిన పత్తి, ఉన్ని పోగులు కుక్కేవాళ్ళు. ఆ పోగులు నూనెను పీల్చి ఇరుసుకు అందించేవి. నూనె అందకపోతే ఇరుసు కాలిపోయేంత వేడెక్కేది. రైల్వే వాళ్ళు దీన్నే ‘హాట్ యాక్సిల్’ అంటారు. సమయానికి చూసుకోకపోతే ఇరుసు విరిగి బండి పట్టాలు తప్పుతుంది. అంటే, నూనె అందడం అందకపోవడమన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం.

తొలి రోజుల్లో భారతీయ రైల్వేలు ఈ పనికి ఆముదం వాడాయి. మన మెట్ట పొలాల్లో పండే ఆముదమే ఇంజన్లకు కందెన, లాంతర్లకు చమురు కూడా. తరవాత పెట్రోలియం నుంచి తీసిన ఖనిజ నూనెలు చవకగా దొరకడంతో ఆముదం వెనక్కు తగ్గింది. ఖనిజ నూనెతోపాటు ఒక కొత్త చిక్కు కూడా వచ్చింది. అదే మైనం.

ఒకే సంఖ్య, రెండు స్వభావాలు

పెట్రోలియం మైనాన్ని మీరు రోజూ చూస్తూనే ఉంటారు. కొవ్వొత్తి దానితో చేసిందే. రసాయనికంగా అది పొడవైన హైడ్రోకార్బన్ గొలుసుల సముదాయం. ఒక్కో గొలుసులో సుమారు 20 నుంచి 40 వరకు కార్బన్ పరమాణువులు ఒకదాని వెనుక ఒకటి వరసగా ఉంటాయి. గొలుసులు తిన్నగా ఉండడంవల్ల కట్టెల మోపులో కట్టెల్లా పక్కపక్కన చక్కగా సర్దుకుంటాయి. అలా సర్దుకోవడమే స్ఫటికం కట్టడం. అందుకే మైనం గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిగా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 30 కార్బన్లు, 62 హైడ్రోజన్లు ఉన్న తిన్నని గొలుసు పేరు ట్రయకాంటేన్. అది సుమారు 66 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. అవే 30 కార్బన్లు, అవే 62 హైడ్రోజన్లు ఉన్న మరో పదార్థం స్క్వాలేన్. సొరచేప కాలేయం నుంచీ, ఆలివ్ నూనె నుంచీ దొరికే పదార్థంతో దీన్ని తయారుచేస్తారు. ఇది మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. తేడా అంతా ఆకారంలోనే. స్క్వాలేన్ గొలుసుకు ఆరుచోట్ల చిన్న మిథైల్ కొమ్మలున్నాయి. కొమ్మలున్న కట్టెలను మోపు కట్టడం కష్టం కదా! ఆ అణువులు కూడా అలాగే సర్దుకోలేక ద్రవంగా మిగిలిపోతాయి. ఇలా ఒకే అణుఫార్ములా ఉండి, అమరికలో తేడా ఉన్న పదార్థాలను ఐసోమర్లు అంటారని మీరు చదివే ఉంటారు.

ముడి చమురు నుంచి తీసిన కందెన నూనెలో ఈ తిన్నని గొలుసులు కొంత ఉన్నా చాలు. చలి పెరిగేసరికి అవి స్ఫటికాలు కట్టి, నూనెను ముద్దలా మారుస్తాయి. నూనె పారడం ఆగిపోయే ఈ ఉష్ణోగ్రతకు కాస్త పైన ‘పోర్ పాయింట్’ ఉంటుంది. దాన్ని ఎంత తగ్గించగలిగితే నూనె అంత చలికి తట్టుకుంటుంది. బెంగాల్ మైదానంలో బయలుదేరిన బండి ఉత్తరాదిన మంచు కురిసే ప్రాంతాలకూ వెళ్ళాలి కదా.

మొదటి దారి: వేరుచేయడం

మన దేశంలో చమురుకూ, రైలుకూ ఉన్న చుట్టరికం పాతది. అస్సాంలో డిగ్‌బోయ్ దగ్గర 1889లో చమురు బావి తవ్వింది ఒక రైల్వే సంస్థే: అస్సాం రైల్వేస్ అండ్ ట్రేడింగ్ కంపెనీ. 1901లో అక్కడ రిఫైనరీ మొదలైంది. డిగ్‌బోయ్ చమురులో మైనం ఎక్కువ. దాన్ని వేరుచేసి కొవ్వొత్తులకూ, ఇతర అవసరాలకూ అమ్మడం ఆ రిఫైనరీ వ్యాపారంలో ఒక ముఖ్యభాగమైంది.

వేరుచేసే పద్ధతి సూత్రంగా సులువే. నూనెను బాగా చల్లార్చాలి, మైనం గడ్డకట్టాలి, దాన్ని గుడ్డల మధ్య వేసి ఒత్తాలి. చిక్కని నూనెలో మైనం సన్నని స్ఫటికాలుగా ఏర్పడి గుడ్డను మూసేసేది. అందువల్ల 1920ల చివరినుంచి ద్రావకాల పద్ధతి వచ్చింది. మిథైల్ ఇథైల్ కీటోన్, టాలిన్ కలిపిన ద్రావకంలో నూనె కరుగుతుంది, మైనం కరగదు. చల్లార్చి వడపోస్తే మైనం విడిపోతుంది. ఈ పద్ధతి ఇప్పటికీ చాలా రిఫైనరీల్లో నడుస్తున్నది.

దీనికి రెండు లోపాలున్నాయి. శీతలీకరణకు, ద్రావకాన్ని తిరిగి రాబట్టడానికి చాలా శక్తి ఖర్చవుతుంది. అంతకన్నా ముఖ్యం, నూనెగా అమ్ముడుపోవలసిన పదార్థంలో ఒక భాగం మైనంగా పక్కకు పోతుంది. కొవ్వొత్తులకు, అగ్గిపెట్టెలకు, టైర్లకు మైనం కావాలన్నది నిజమే. ఆ గిరాకీకి మించి మిగిలినదాన్ని ఏం చేయాలి? తీసిపారేయకుండా మార్చలేమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఉత్ప్రేరకమే.

హిజ్లీకి వచ్చిన శాస్త్రవేత్త

ఇక్కడ మన కథ మళ్ళీ ఖరగ్‌పూర్ చేరుతుంది. పట్టణానికి ఆనుకుని ఉన్న హిజ్లీలో బ్రిటిష్ ప్రభుత్వం స్వాతంత్ర్య యోధులను నిర్బంధించే శిబిరం నడిపేది. 1931 సెప్టెంబరు 16న అక్కడి కాపలాదారులు జరిపిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు నిర్బంధితులు మరణించారు. 1951 ఆగస్టు 18న అదే భవనంలో దేశంలోని మొదటి ఐఐటిని మౌలానా అబుల్ కలాం ఆజాద్ లాంఛనంగా ప్రారంభించారు. దాని తొలి డైరెక్టర్ సర్ జ్ఞానచంద్ర ఘోష్.

ఘోష్ 1894లో జన్మించారు. ప్రఫుల్ల చంద్ర రాయ్ శిష్యుడు. సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహాలకు సహాధ్యాయి. బలమైన విద్యుద్విశ్లేష్యాల మీద యువకుడిగా ప్రతిపాదించిన సిద్ధాంతంతో విదేశాల్లోనూ పేరు పొందారు. 1939 నుంచి 1948 వరకు బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా ఉన్నారు. ఆయన అక్కడ పట్టించుకున్న విషయాల్లో ఒకటి ఫిషర్-ట్రాప్ష్ చర్య.

ఈ చర్యను 1920ల మధ్యలో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ కనుగొన్నారు. బొగ్గును వాయువుగా మార్చితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి. ఆ రెంటినీ ఇనుము లేదా కోబాల్ట్ ఉత్ప్రేరకం మీదుగా పంపితే కార్బన్లు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుంటాయి. పొట్టి గొలుసులు పెట్రోలు, మధ్యస్థం డీజిల్, పొడవైనవి మైనం. చమురు లేని జర్మనీ రెండో ప్రపంచయుద్ధంలో ఈ పద్ధతిని కూడా నమ్ముకుంది. బొగ్గు నిండుగా ఉండి చమురు తక్కువగా ఉన్న భారతదేశానికి కూడా ఇది ఆశ కలిగించే విషయమే. వాయువులు ఉత్ప్రేరకం ఉపరితలం మీద ఎలా అంటుకుంటాయి, అంటే అధిశోషణం ఎలా జరుగుతుంది అన్న ప్రశ్నను ఘోష్, ఆయన సహచరుడు ఎం.వి.సి. శాస్త్రి మొదలైనవారు పరిశోధించారు. ఆ పని ఫలితాలు ఘోష్ ఖరగ్‌పూర్‌లో ఉన్న కాలంలో కూడా ప్రచురితమయ్యాయి.

మన దేశంలో ఈ పద్ధతిలో వాణిజ్య స్థాయి కర్మాగారం రాలేదు. పశ్చిమాసియా చమురు చవకగా దొరికినంతకాలం బొగ్గు నుంచి నూనె చేయడం గిట్టుబాటు కాలేదు. అయినా ఆ పరిశోధన వృథా కాలేదు. ఎందుకో ముందు ముందు చూద్దాం.

రెండో దారి: కత్తిరించడం

1835లో బెర్జీలియస్ ఉత్ప్రేరణం అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. చర్యలో పాల్గొని, దాన్ని వేగవంతం చేసి, చివరకు తనకు తానుగా మిగిలే పదార్థం ఉత్ప్రేరకం. 1937లో ఫ్రెంచ్ ఇంజనీరు యూజీన్ హూద్రీ అమెరికాలో ఉత్ప్రేరకంతో బరువైన చమురును విడగొట్టే భారీ యూనిట్‌ను నడిపించాడు. ఆమ్ల గుణం గల మట్టి అందులో ఉత్ప్రేరకం. పొడవైన గొలుసులు తెగి పెట్రోలు అయ్యేవి. అయితే ఆ మట్టికి తిన్నని అణువూ, కొమ్మల అణువూ ఒకటే. దేన్ని పడితే దాన్ని కత్తిరించేది.

ఎంచుకుని పనిచేసే ఉత్ప్రేరకం కావాలంటే జియొలైట్లు రావలసి వచ్చింది. 1756లో స్వీడన్ ఖనిజశాస్త్రవేత్త క్రోన్‌స్టెడ్ వేడిచేస్తే నురగలు కక్కే ఒక రాయిని చూసి దానికి ‘మరిగే రాయి’ అనే అర్థంలో ఆ పేరు పెట్టాడు. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్లతో కట్టిన ఈ స్ఫటికాల్లో ఒకే కొలత గల సన్నని సొరంగాలుంటాయి. 1972లో మోబిల్ సంస్థకు చెందిన ఆర్గవర్, లాండోల్ట్ పేర పేటెంటు పొందిన జెడ్‌ఎస్ఎం-5 సొరంగం వెడల్పు సుమారు 0.55 నానోమీటర్లు. తిన్నని మైనపు గొలుసు దానిలోకి దూరుతుంది, కొమ్మలున్న పెద్ద అణువు దూరలేదు. లోపలికి వెళ్ళిన గొలుసు ముక్కలైపోతుంది. బయటున్న నూనె క్షేమం. ఒక జల్లెడకు కత్తెర అమర్చినట్టన్నమాట. 1980ల మొదట్లో ఈ సూత్రంతో రిఫైనరీలు పనిచేయడం మొదలైంది.

శీతలీకరణ ఖర్చు తగ్గింది. కాని మైనం ముక్కలై వంటగ్యాసు, నాఫ్తాలుగా మారిపోయేది. కందెన నూనె పరిమాణం మాత్రం పెరగలేదు.

మూడో దారి: వంచడం

స్క్వాలేన్ ఉదాహరణ మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. గొలుసును తెంచకుండా కొమ్మలు పెట్టగలిగితే మైనమే నూనె అవుతుంది. పైగా అది మేలైన నూనె. వేడెక్కినప్పుడు పలచబడకుండా నిలిచే గుణాన్ని ‘విస్కాసిటీ ఇండెక్స్’తో కొలుస్తారు. మైనం నుంచి మారిన నూనెకు ఈ అంకె మామూలు నూనెకంటే బాగా ఎక్కువ.

దీనికోసం రెండు పనులు చేసే ఉత్ప్రేరకం కావాలి. మొదటిది లోహం, సాధారణంగా ప్లాటినం. అది గొలుసు నుంచి రెండు హైడ్రోజన్లను తీసి ఆల్కీన్ చేస్తుంది. రెండోది జియొలైట్‌లోని ఆమ్ల స్థానం. అది ఆల్కీన్‌కు ఒక ప్రోటాన్ ఇచ్చి ధనావేశం కలిగిస్తుంది. ఆ స్థితిలో కార్బన్ అస్థిపంజరం తనను తాను సర్దుకుని ఒక కొమ్మ వేస్తుంది. ప్రోటాన్ తిరిగిపోతుంది. మళ్ళీ ప్లాటినం దగ్గరకొచ్చి హైడ్రోజన్లు తీసుకుని అణువు స్థిరపడుతుంది. ఇదంతా హైడ్రోజన్ పీడనంలో, 300 డిగ్రీలు దాటిన వేడిలో జరుగుతుంది.

కష్టమంతా ఈ రెంటి సమతూకంలోనే ఉంది. ఆమ్ల గుణం ఎక్కువైతే కొమ్మ వేసే బదులు గొలుసు తెగిపోతుంది. సొరంగం మరీ ఇరుకైతే కొమ్మ పట్టదు, మరీ వెడల్పైతే కొమ్మలు ఎక్కువై అణువు విరిగిపోతుంది. చమురులోని గంధకం ప్లాటినాన్ని, నైట్రోజన్ ఆమ్ల స్థానాలను పాడుచేస్తాయి. అందువల్ల వాటిని ముందే తొలగించుకోవాలి. ఇన్ని షరతులకు లోబడి, సంవత్సరాల తరబడి పనిచేసే ఉత్ప్రేరకాన్ని చెవ్రాన్ సంస్థ 1993లో అమెరికాలోని రిచ్‌మండ్ రిఫైనరీలో ప్రవేశపెట్టింది. ‘ఐసో డీవ్యాక్సింగ్’ అన్న పేరు అప్పటినుంచి వాడుకైంది. తరవాత ఇతర సంస్థలూ తమ ఉత్ప్రేరకాలతో వచ్చాయి.

అదే 1993లో మలేషియాలోని బింటులులో షెల్ సంస్థ సహజవాయువు నుంచి ఫిషర్-ట్రాప్ష్ పద్ధతిలో ఇంధనాలు తయారుచేసే కర్మాగారం తెరిచింది. అక్కడ మొదట ఉద్దేశపూర్వకంగా మైనాన్నే ఎక్కువగా తయారుచేస్తారు. తరవాత ఉత్ప్రేరకంతో దాన్ని అవసరమైన కొలతకు కత్తిరించి, వంచుతారు. ఘోష్ తరం మథనపడిన ఉపరితలాల శాస్త్రం, జియొలైట్ల శాస్త్రం ఒకే ప్రాంగణంలో కలిశాయి. మైనం అనే ‘శత్రువు’ ఇక్కడ ముడిసరుకైంది.

హల్దియాలో

ఖరగ్‌పూర్‌కు తూర్పున, హుగ్లీ నది ఒడ్డున హల్దియా రేవు ఉంది. 1975లో ఇండియన్ ఆయిల్ అక్కడ ఏడాదికి 25 లక్షల టన్నుల రిఫైనరీ ప్రారంభించింది. ఇంధన విభాగానికి ఫ్రాన్స్, కందెన విభాగానికి రుమేనియా సహకరించాయి. రిఫైనరీ కట్టేటప్పుడే కందెనల కోసం ఒక విభాగం కేటాయించడం గమనించదగ్గ విషయం. ఆవిరి ఇంజన్లు పోయి డీజిల్ ఇంజన్లు వస్తున్న రోజులవి. డీజిల్ ఇంజన్‌కు కావలసిన కందెన ఎక్కువ వేడికి, ఎక్కువ కాలానికి తట్టుకోవాలి.

2003లో హల్దియాలో ఉత్ప్రేరక ఐసో డీవ్యాక్సింగ్ యూనిట్ పనిచేయడం మొదలుపెట్టింది. దానివల్ల అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ‘గ్రూప్ 2’గా వర్గీకరించే మూల నూనెలు అక్కడ తయారయ్యాయి. అంటే సంతృప్త హైడ్రోకార్బన్లు 90 శాతానికి తగ్గకుండా, గంధకం 0.03 శాతానికి మించకుండా ఉండే నూనెలు.

ఘోష్ బృందం బెంగుళూరులో ఉత్ప్రేరకాల మీద పనిచేసిన కాలానికీ, హల్దియాలో యూనిట్ నడిచిన ఏడాదికీ మధ్య దూరం సుమారు అరవై ఏళ్ళు. ఇంతకాలం ఎందుకు పట్టిందని మీరు అడగవచ్చు. చర్య ఎలా జరుగుతుందో తెలియడం ఒకటి. గుప్పెడు ఉత్ప్రేరకం గాజు గొట్టంలో పనిచేయడం రెండోది. టన్నుల కొద్దీ ఉత్ప్రేరకం పీడనంలో, వేడిలో, మలినాల మధ్య ఏళ్ళ తరబడి చెడకుండా నిలవడం మూడోది. మొదటిదానికి శాస్త్రవేత్త చాలు. చివరిదానికి లోహ పరిశ్రమ, పీడన పాత్రలు తయారుచేసే నైపుణ్యం, పెట్టుబడి, అపజయాన్ని భరించే ఓపిక అన్నీ కావాలి. ఈ మెట్లు ఎక్కని దేశం చమురుతోపాటు పరిజ్ఞానాన్ని కూడా కొనుక్కోవలసి వస్తుంది. మన ముడి చమురు అవసరంలో 85 శాతానికి పైగా ఇప్పటికే దిగుమతి. రెండు కొనుగోళ్ళ భారమూ చివరకు పడేది సామాన్యుడి మీదే.

ఆ మెట్లు మనవాళ్ళు ఎక్కుతున్నారు కూడా. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం, ఇంజనీర్స్ ఇండియా, నుమాలిగఢ్ రిఫైనరీ కలిసి రూపొందించిన పరిజ్ఞానంతో అస్సాంలో 2015లో పెద్ద మైనం కర్మాగారం మొదలైంది. 2019లో అదే డెహ్రాడూన్ సంస్థ రోజుకు ఒక టన్ను వ్యర్థ ప్లాస్టిక్‌ను డీజిల్‌గా మార్చే యూనిట్‌ను ప్రారంభించింది. పాలిథిన్ సంచి అంటే నిజానికి చాలా పొడవైన మైనమే. దాన్ని గాలి తగలకుండా వేడిచేస్తే మైనం వస్తుంది. ఆ మైనాన్ని నూనె చేసే దారి మనం ఇప్పటిదాకా చెప్పుకున్నదే.

ముగింపు

రైళ్ళు ఇప్పుడు విద్యుత్తుతో నడుస్తున్నాయి కదా, ఇంకా ఈ నూనెల గొడవ ఎందుకని అనిపించవచ్చు. విద్యుత్ ఇంజన్‌కూ గేర్లుంటాయి. దాని ట్రాన్స్‌ఫార్మర్‌లో వేడిని మోసే నూనె చలిలో కూడా గడ్డకట్టకుండా పారాలి. ఇంధనం మారినా, కందెన అవసరం పోలేదు.

వేరుచేయడం, కత్తిరించడం, వంచడం: మైనం విషయంలో మనిషి నేర్చుకున్న మూడు పాఠాలివి. మొదటిదానికి చలి చాలింది. రెండోదానికి సొరంగాల రాయి కావలసి వచ్చింది. మూడోదానికి రాయీ, లోహమూ ఒకదాని పని ఒకటి పాడుచేయకుండా కలిసి పనిచేయాల్సి వచ్చింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఇరుసు పెట్టె తెరిచి, వేలితో నూనె చిక్కదనం చూసిన ఖలాసీకి జియొలైట్ పేరు తెలియకపోవచ్చు. కాని నూనె పారకపోతే ఏమవుతుందో అతనికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. మీలో రసాయనశాస్త్రం చదివేవారు ఉత్ప్రేరకాల పాఠం తెరిచినప్పుడు ఆ ఇద్దరినీ, హిజ్లీ భవనంలోని ఆచార్యుణ్ణీ, వర్క్‌షాపులోని కార్మికుణ్ణీ, కలిపి గుర్తుచేసుకోండి. ఒకరి అవసరానికి మరొకరి శాస్త్రం చేరడానికి పట్టే కాలాన్ని తగ్గించడం మీ తరం చేయవలసిన పని.